ఆఖరి మనిషి వచ్చేదాకా టీ పోయొద్దు

చేవెళ్ళ,
26 సెప్టెంబర్ 2007

తమ్ముడు నతానియేలుకు,

అక్క ఎస్తేర్ రాస్తున్నాను. మొన్న ఆదివారం నుంచి నువ్వు తొమ్మిదిసార్లు ఫోన్ చేశావు. నేను ఎత్తలేదు. కోపంతో కాదు, ఫికర్ పడకు. ఫోన్‌లో నీతో మాట్లాడడం నాకు చాతకాదు. నేను ఒక మాట మొదలుపెట్టేలోపే "అక్కా, మీటింగ్‌ల ఉన్న, మళ్ళ జేస్త" అంటావు. ఉత్తరంలో ఆ మాట అనలేవు కదా. నువ్వు వికారాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు నెలకొక ఇన్‌ల్యాండ్ లెటర్ రాసేదాన్ని. నువ్వు అక్షరాలు పెద్దవి పెద్దవి చేసి సగం కాగితం నింపి పంపేవాడివి. మళ్ళీ అట్లానే రాసుకుందాం.

మీ ఆఫీసువాళ్ళ సైకిల్ రైడ్ బాగుంది. చెప్పకుండా వచ్చినందుకు ఏమీ అనుకోలేదు కదా? "ఆడోళ్ళు, కొత్తోళ్ళు, ఎవరైనా రావచ్చు" అని నువ్వే గొప్పగా చెప్పావు. ఎవరైనా అంటే నేను కూడా అనుకున్నాను. శనివారం డ్యూటీ అయిపోయాక సైకిల్ మీదే మొయినాబాద్ పక్కన మన ఊరు హిమాయత్‌నగర్ వచ్చి, అమ్మ దగ్గర పడుకుని, పొద్దున్నే సైకిల్ తుడుచుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఎట్లాగూ మీ రైడ్ పోయేది మా చేవెళ్ళకే, నేను ఇంటికి పోయే దారే. మీరంతా పచ్చ బనీన్లు వేసుకుని వరుసగా వస్తుంటే చూడముచ్చటేసింది. నువ్వు అందరికంటే ముందున్నావు. చెయ్యి ఊపావు. నేనూ ఊపాను.

నేను బాగానే ఇల్లు చేరాను. కొంచెం ఆలస్యమైంది, అంతే. అమ్మ అడిగితే అందరం కలిసే పోయామని చెప్పు. నేనూ అదే చెప్పాను.

మీ ఆఫీసు పిల్ల రమ మోకాలు ఎట్లా ఉంది? టీటీ ఇంజెక్షన్ చేయించుకొమ్మన్నాను. చేయించుకుందో లేదో కనుక్కో. మందు పేరు చెప్తే తలూపి, ఇంటికి పోయి పసుపు పెట్టుకునే రకంలాగా ఉంది.

మీ అక్క,
ఎస్తేర్


గచ్చిబౌలి,
5 అక్టోబర్ 2007

డియర్ అక్కా,

చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. పెన్ను కోసం పక్క రూముకు పోవాల్సి వచ్చింది.

నువ్వు క్షేమంగా చేరావని తెలిసి మనసు కుదుటపడింది. ఆ రోజు అసలేం జరిగిందో నీకు చెప్పాలి. మా రైడ్‌కు ఒక పద్ధతి ఉంది. బాగా తొక్కేవాళ్ళు ముందుపోయి మొయినాబాద్‌లో బాలప్ప హోటల్ దగ్గర ఆగుతారు. టీ తాగుతూ వెనుకవాళ్ళ కోసం చూస్తారు. వాళ్ళు కనబడగానే అందరం కలిసి కదులుతాం. సిటీలో అన్ని గ్రూపులూ ఇట్లాగే చేస్తాయి. నువ్వూ రమా వచ్చేదాకా మేము ఇరవై నిమిషాలు ఆగాము. ఆ తర్వాత కూడా మీరు వెనుకే వస్తున్నారనుకున్నాను. ఫోన్ బ్యాగులో ఉండిపోయింది.

చేవెళ్ళలో ఫోటోలు దిగాక సైకిళ్ళన్నీ డీసీఎం వ్యానులో వేసి అందరూ అందులోనే సిటీకి వచ్చారు. నేను అందులో లేను. మా టీమ్ లీడ్ జితేందర్ సార్ కార్లో ముందే వచ్చేశాను. రమ దారిలో పడిపోయిందని, నువ్వు ఆమెతో ఉన్నావని సోమవారం ఆఫీసుకు పోయేదాకా నాకు తెలియదు.

రైడ్‌కు మంచి పేరు వచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారని ఫోటో పెట్టి మెయిల్ పంపితే డైరెక్టర్ కూడా మెచ్చుకున్నాడు.

ఒక్క మాట, తప్పుగా అనుకోకు. ఈసారి వచ్చేముందు చెప్పు. చీర కాకుండా డ్రెస్ వేసుకుంటే తొక్కడానికి సులువు. ఇంకా ఆ ట్యూబు ముక్కతో కాలు కట్టుకోవడం, మనవాళ్ళ మధ్య సరే గాని, చూసేవాళ్ళు ఏమనుకుంటారు? కొంచెం ప్రాక్టీస్ చేసి వస్తే నీకే బాగుంటుంది.

రమ ఎందుకో నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. నువ్వు ఆమెతో ఏమైనా అన్నావా?

నీ తమ్ముడు,
నతానియేలు


చేవెళ్ళ,
17 అక్టోబర్ 2007

తమ్ముడూ,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా కోడి గెలికినట్టే ఉన్నాయి. కంప్యూటర్ మీద రాసినా ఇట్లాగే ఉంటాయా?

చీర సంగతి రాశావు. పదమూడేళ్ళ నుంచి చీరతోనే సైకిల్ మీద ఊళ్ళు తిరుగుతూ పిల్లలకు టీకాలు వేస్తున్నాను. ట్యూబు ముక్క సంగతి కూడా రాశావు. పోలియో వచ్చిన కాలు పెడల్ మీద నిలవదు, జారుతుంది. పాత ట్యూబు కోసి కట్టుకుంటే నిలుస్తుంది. నడిస్తే నన్ను ముసలమ్మలు కూడా దాటిపోతారు గాని, సైకిల్ ఎక్కితే నేను ఎవరికీ తక్కువ కాదు. నీకు సైకిల్ నేర్పిన రోజులు మరిచిపోయినట్టున్నావు. కిరాయి సైకిల్ మీద నిన్ను కూర్చోబెట్టి, సీటు పట్టుకుని కుంటుకుంటూ నీ వెనుక ఉరికింది ఈ కాలుతోనే. "అక్కా, ఇడ్సిపెట్టకు" అని ఏడ్చేవాడివి. ఇడిసిపెట్టలేదు.

మా కోసం ఇరవై నిమిషాలు ఆగామని రాశావు. నిజమే, ఆగారు. కాని అలసట తీర్చుకున్నది ఎవరు, జర ఆలోచించు. మీరు టీ తాగి, కాళ్ళు చాపుకుని, నవ్వుకుంటూ కూర్చున్నారు. మేము కనబడగానే లేచారు. నేను వంగి ట్యూబు విప్పుకుని కాలు కింద పెట్టేసరికి మీరంతా సైకిళ్ళ మీద ఉన్నారు. బాలప్ప గ్లాసులు కడిగేస్తున్నాడు. బాగా తొక్కేవాళ్ళకు ఇరవై నిమిషాల ఆరాం, తొక్కలేక వచ్చినవాళ్ళకు ఒక్క నిమిషం లేదు. రమ మొదటిసారి వచ్చింది, నోరు ఎండిపోయి ఉంది. నేను హోటల్ వెనుక డ్రమ్ము దగ్గరికి పోయి సీసాలో నీళ్ళు పట్టుకొచ్చాను. ఇద్దరం అవే తాగి బయలుదేరాం. ఆ అలసటలోనే ఆ పిల్ల పడింది.

మొయినాబాద్ దాటి కొంత దూరం పోయాక, కల్వర్టు దగ్గర. మోకాలు చీరుకుపోయింది. వెనుక చక్రం దగ్గర గేరుది ఏదో ఊడి వేలాడుతుంటే, చక్రంలో పడకుండా నా ట్యూబు ముక్కతో కట్టాను. మీకు ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. గంటన్నర కూర్చున్నాం. మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి, లిఫ్ట్ కావాలా మేడం అని రెండుసార్లు చుట్టూ తిరిగారు. మీది ఏ ఊరు, మీ అమ్మ పేరేంది, టీకాల రిజిస్టర్‌లో మీ పేర్లు చూస్తా అన్నాను. పోయారు. నేను నవ్వాను గాని రమ నా చెయ్యి వదలలేదు.

మీ డీసీఎం వచ్చి రమను, ఆమె సైకిల్‌ను ఎక్కించుకుంది. నా ట్యూబు ముక్క దాంతోనే పోయింది. కాలు కట్టుకోకుండా నేను తొక్కలేను, సైకిల్‌తో ఎక్కించుకునే ఆటో దొరకలేదు. ఇంటిదాకా నడిచాను. కాలు వాచి నాలుగు రోజులు డ్యూటీకి పోలేదు. ఇది అమ్మకు చెప్పకు.

సోమవారం దాకా నీకేమీ తెలియదని రాశావు. నీ తొమ్మిది ఫోన్లలో ఆరు ఆదివారం మధ్యాహ్నమే వచ్చాయి. నేను ఏమీ అడగడం లేదు. గుర్తుకొచ్చి రాశాను.

అక్క


గచ్చిబౌలి,
11 నవంబర్ 2007

అక్కా,

మూడు వారాలుగా కాగితం ముందు పెట్టుకుంటున్నాను, తీసేస్తున్నాను.

మొన్న ఆఫీసులో రెండో రైడ్ గురించి కూర్చున్నాం. ఆడవాళ్ళలో ఒక్కరూ పేరు ఇవ్వలేదు. జితేందర్ సార్ ఎందుకని అడిగితే రమ లేచింది. "ఎవరైనా రావచ్చని మెయిల్ పెడ్తరు. వచ్చినంక ఉన్నరా పోయిన్రా అని చూసేటోళ్ళు లేరు. నాతోని రోడ్డు మీద కూసున్నది మన ఆఫీసు మనిషి గాదు, నాథన్ వాళ్ళ ఊరి నర్సమ్మ" అన్నది. ఆఫీసులో నన్ను నాథన్ అంటారు, నీకు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత నా సీటు దగ్గరికి వచ్చి నీ ట్యూబు ముక్క టేబుల్ మీద పెట్టింది. "ఇది ఆమెకియ్యి. నువ్వు ఆమెకేమైతవని అడిగితే, ఏం గాడు, మా ఊరి పిల్లగాడు అన్నది. ఏం గానామె నా కోసం అంత జేసింది" అని పోయింది.

ఏం గాడు అని నువ్వు ఎందుకు అన్నావో నాకు వెంటనే తెలిసింది. హోటల్ వెనుక డ్రమ్ము దగ్గర ఉన్నానని నువ్వు రాసినప్పుడు ఆ వాక్యాన్ని దాటిపోయాను, కావాలనే దాటిపోయాను. నువ్వు విన్నావు అక్కా. జితేందర్ సార్ నిన్ను చూపించి, ఆమె కూడా మనతోనేనా అని అడిగాడు. నేను "కాదు సార్, మా ఊరి నర్సమ్మ. డ్యూటీకి పోతున్నట్టున్నది" అన్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను కారులో రాలేదు. డీసీఎంలోనే ఉన్నాను, సైకిళ్ళ వెనుక. రమను ఎక్కిస్తుంటే ఆమె నీ గురించి, పాపం ఆమెను కూడా తీసుకుపోదాం, కాలు బాగాలేదు అన్నది. ఆమె ఎక్కడికి పోవాలి అని ఎవరో నన్ను అడిగారు. "ఆమెది చేవెళ్ళ, మన రూటు కాదు" అన్నది నేనే. దిగి ఉంటే అయిపోయేది. రెండడుగులు. దిగలేదు. బండి కదిలాక సందులోంచి చూశాను. నువ్వు సైకిల్ పట్టుకుని నడుస్తున్నావు. మొహం తిప్పుకున్నాను.

ఎందుకని నువ్వు అడగకముందే రాస్తున్నాను. మాది మొయినాబాద్ దగ్గర అంటే, ఫామ్‌హౌస్ ఉన్నదా అని ఇక్కడ ఒకసారి ఎవరో అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. అంతే, ఆ రోజు నుంచి మాకు ఫామ్‌హౌస్ ఉంది. అమ్మ ఎంకపల్లి దగ్గర ఫామ్‌హౌస్‌లో గడ్డి తీసే పనికి పోతుందని ఒక్కరికీ తెలియదు. నువ్వు చీరతో, రబ్బరు చెప్పులతో, కాలికి ట్యూబు ముక్కతో వచ్చేసరికి నా అబద్ధం రోడ్డు మీదికి వచ్చినట్టయింది.

మావాళ్ళలో ఇద్దరి దగ్గర పెడల్‌కు అతుక్కునే బూట్లున్నాయి. విదేశాల నుంచి తెప్పించుకున్నారు. ఎక్కగానే టక్కుమని పట్టుకుంటాయి, కాలు జారదు. వాటిని అందరం వంగి వంగి చూశాము. నీ ట్యూబు ముక్క చేసే పని కూడా అదే. వాటిని మెచ్చుకున్న నోటితోనే దీన్ని చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా మొహం నాకే చూపించుకోలేకపోతున్నాను.

నతానియేలు


చేవెళ్ళ,
28 నవంబర్ 2007

నతానియేలుకు,

డ్రమ్ము దగ్గర విన్నాను. బండి దగ్గరా విన్నాను. నీ గొంతు నాకు తెలియదా? మన రూటు కాదన్నావు. నిజమే, అది మీ రూటు కాదు. అబద్ధమైనా ఆడి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

నన్ను కాదన్నావు, సరే. అమ్మ నడుం వంచి గడ్డి పీకే చోటును నీ ఫామ్‌హౌస్ చేసుకున్నావే, ఆ మాట చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ గడ్డి పైసలతోనే కదరా నీ హాస్టల్. అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించేవాళ్ళు లేకపోవడం నీ అదృష్టం.

నేను మంచిదాన్నని కూడా అనుకోకు. ఆ పిల్ల మోకాలు నా ఒళ్ళో ఉంది. నా కొంగుతో రక్తం తుడుస్తున్నాను. నన్ను నమ్మి, నా చెయ్యి పట్టుకుని అడిగింది, నువ్వు నాకేమవుతావని. నీ మాట అబద్ధం కావద్దని నేను అబద్ధం చెప్పాను. బతికి ఉన్న తమ్ముణ్ణి నా నోటితో నేనే లేకుండా చేశాను. ఆ వారం చర్చిలో ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంటే నీ పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. నువ్వు చేసింది నాకు కోపం తెప్పించింది గాని, నేను చేసింది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రైడ్ గురించి ఒక మాట చెప్తాను, తీసుకుంటే తీసుకో. పోలియో చుక్కలు వేసేటప్పుడు మాకు ఒక పద్ధతి ఉంది. వేసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెడతాం. రోడ్డు పక్క ఇళ్ళు ఎవరైనా చేస్తారు, పది నిమిషాల పని. ఊరి బయట ఇటుక బట్టీల దగ్గర ఆఖరి డేరా ఉంటుంది చూడు, దాని మీద గుర్తు పడితేనే ఆ ఊరు అయిపోయినట్టు మా సూపర్‌వైజర్ రాసుకుంటాడు. అంతవరకు ఎన్ని ఇళ్ళు చేసినా లెక్క లేదు. మీ రైడ్‌లో మొదట చేరిన మనిషిని చూసి చప్పట్లు కొడతారు. ఆఖరి మనిషిని ఎవరు చూస్తున్నారు?

ఆ ఆఖరి మనిషి కూర్చున్నాక టీ పొయ్యమను. ఆమె లేస్తేనే మిగతావాళ్ళు లేవాలి. దారి పొడుగునా బాగా తొక్కేవాడు ఒకడు వెనుక ఉండాలి, ముందు కాదు. ఇవేవీ చెయ్యలేకపోతే ఎవరైనా రావచ్చు అనే మాట తీసెయ్యండి. రమ్మని పిలిచి రోడ్డు మీద వదిలేసే బదులు పిలవకపోవడం నయం.

నేను మాత్రం రాను.

ఎస్తేర్


హిమాయత్‌నగర్,
26 డిసెంబర్ 2007

అక్కా,

అమ్మ పక్కన కూర్చుని రాస్తున్నాను. పండుగకు నువ్వు అత్తగారింటికి పోతున్నానని చెప్పావట. "ఏటా వచ్చేది, ఈ ఏడు ఏమైందిరా ఎస్తేరుకు?" అని అమ్మ నిన్నటి నుంచి నాలుగుసార్లు అడిగింది. నాకు తెలియదన్నాను. మళ్ళీ అబద్ధం.

నువ్వు రాసిందంతా కాగితం మీద పెట్టి రమకు చూపించాను. జితేందర్ సార్ మొదట ఒప్పుకోలేదు. స్పీడ్ తగ్గితే బాగా తొక్కేవాళ్ళు రారన్నాడు. రారేమో గాని మిగతావాళ్ళు వస్తారని రమ అన్నది. జనవరి ఆరో తేదీ, ఆదివారం. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందు, వాళ్ళను ఎవరూ దాటకూడదు. చివర నేను. మొయినాబాద్‌లో బాలప్పకు కూడా చెప్పి వచ్చాను, ఆఖరి మనిషి వచ్చేదాకా టీ పోయొద్దని. గిదేం రైడ్ అని నవ్వాడు. ఆడవాళ్ళు తొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. వాళ్ళలో ఒకామెకు యాభై ఏళ్ళు. రెండేళ్ళ కింద కాలు విరిగి రాడ్ వేయించుకున్న అబ్బాయి ఒకడున్నాడు.

ఇదంతా ఎవరు చెప్పారని రమ అడిగింది. ఆ నర్సమ్మే అన్నాను. అక్క అని అప్పుడు కూడా నోరు రాలేదు. ఏమని చెప్పుకోను? ఇంత రాసి, ఇంత ఏడ్చి, మళ్ళీ అక్కడే ఆగిపోయాను.

నీ ట్యూబు ముక్క ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పేర్ల కాగితంలో ఆఖరున నీ పేరు రాశాను. ఊరి మలుపు దగ్గర నీ కోసం చూస్తాను.

తమ్ముడు


గచ్చిబౌలి,
7 జనవరి 2008

అక్కా,

నువ్వు రాలేదు.

ఊరి మలుపు దగ్గర ఆగాను, కనబడలేదు. ముందుకు పోయి ఉంటావనుకున్నాను. మొయినాబాద్‌లో ఇరవై రెండు మందిమీ బాలప్ప హోటల్ దగ్గర కూర్చున్నాం. యాభై ఏళ్ళ ఆమె అందరికంటే ముందు చేరి, బెంచీ మీద కూర్చుని, మిగతావాళ్ళు రావడం చూసింది. అట్లా చూడడం ఆమెకు అదే మొదటిసారట.

బాలప్ప చేతిలో పేర్ల కాగితం ఉంది. ఇంకొకరు రావాలన్నాడు. పొయ్యి మీద కెటిల్ కుతకుత ఉడుకుతోంది, ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు. అరగంట అయింది. గంట అయింది. "ఒక్క మనిషి కోసం ఇంతమందిని కూసోబెడ్తవా నాథన్? మన ఆఫీసు మనిషి కూడా కాదు. పేరు కొట్టెయ్" అన్నాడు జితేందర్ సార్. కొట్టేస్తే అయిపోయేది. పెన్ను జేబులోనే ఉంది. రమ మాత్రం, ఆ నర్సమ్మ వస్తానంటే వస్తది, ఆగుదాం అన్నది. నువ్వు వస్తానని అననే లేదని ఆమెకు తెలియదు.

అప్పుడు చెప్పాను. "ఆమె మా ఊరి నర్సమ్మ గాదు. మా అక్క. నన్ను పెంచిన అక్క. నాకు సైకిల్ నేర్పిన అక్క" అన్నాను. ఫామ్‌హౌస్ మాది కాదని, అందులో గడ్డి పీకేది మా అమ్మ అని కూడా చెప్పాను. బాలప్ప కెటిల్ కింద మంట తగ్గించి నన్నే చూస్తున్నాడు.

రమ ఒక్కటే అడిగింది. "అక్క అని తెలిసే బండ్ల కూసున్నవా?"

అవునన్నాను. ఆమె నా మొహం వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది.

జితేందర్ సార్, ఇంకో ఏడుగురు వెనక్కి తిరిగి పోయారు. మిగిలిన పద్నాలుగు మందిమి టీ తాగకుండానే చేవెళ్ళ వైపు బయలుదేరాం. రాడ్ వేయించుకున్న అబ్బాయి ముందు, నేను చివర. ఆ కల్వర్టు దగ్గర రమ దిగి కాసేపు నిలబడింది. అక్కడి నుంచి నీ ఇంటి దాకా ఎంత దూరమో నిన్న తొక్కుతుంటే తెలిసింది. దాన్ని నువ్వు నడిచావు.

మీ ఇంటికి తాళం ఉంది. పద్నాలుగు మందిమి గల్లీలో కూర్చున్నాం. పక్కింటామె టీ పెడతానంది. వద్దన్నాం. మధ్యాహ్నం దాకా చూసి లేచాం. నువ్వు నన్ను చూడొద్దనే తాళం వేసుకుని పోయావనుకుంటున్నాను. తప్పు లేదు అక్కా. నేను కూడా చూసి మొహం తిప్పుకున్నవాడినే.

నతానియేలు


చేవెళ్ళ,
10 జనవరి 2008

తమ్ముడు నతానియేలుకు,

పిచ్చోడా, ఆరో తేదీ పోలియో ఆదివారం. ఊరూరా మైకు పెట్టి చెప్పాం, గోడల మీద కాగితాలు అంటించాం. ఇంటింటికీ చెప్పే పని నాది, మా ఇంటి పిల్లగాడికే తెలియలేదు. పొద్దున ఆరింటికే తాళం వేసి ఇటుక బట్టీలకు పోయాను. ఆఖరి డేరాలో ఒక బాలింత, పది రోజుల పిల్ల. ఆ పిల్ల నోట్లో చుక్కలు వేసి, డేరా గుడ్డ మీద సుద్ద పడక, పక్కనున్న రాయి మీద గుర్తు పెట్టి వచ్చాను.

కాని ఇంకొకటి కూడా ఉంది. నీ ఉత్తరం నాకు ముందు సోమవారమే అందింది. ఆ రోజు రాలేనని ఒక కార్డు ముక్క రాస్తే నీకు శనివారంలోపు చేరేది. రాయలేదు. ఎదురుచూడడం ఎట్లా ఉంటుందో వాడికి కూడా తెలియనీ అనుకున్నాను. నీ ఒక్కడికే తెలుస్తుందనుకున్నాను గాని, నాతోపాటు రోడ్డు మీద కూర్చున్న ఆ పిల్ల కూడా టీ లేకుండా కూర్చుంటుందని, రాడ్ ఉన్న కాలుతో ఒక అబ్బాయి మా గల్లీ దాకా తొక్కుకుంటూ వస్తాడని అనుకోలేదు. మీ పద్ధతిని తప్పు పట్టినదాన్ని, నేను చేసింది ఏంది? నీ ఉత్తరం చదివి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రమకు నేనే ఉత్తరం రాస్తాను. ఏం గాడు అన్న మాట వెనక్కి తీసుకుంటానని రాస్తాను.

నిన్ను క్షమించానని రాయమని చేతికి చెప్తే ఇంకా రాయడం లేదు. రాసినప్పుడు నీకే తెలుస్తుంది. అమ్మ దగ్గరికి మాత్రం ఈ వారం పో. ఆమె పని చేసే చోటు దాకా పో. నీ వెంట మీ ఆఫీసువాళ్ళు ఉన్నప్పుడే పో.

ట్యూబు ముక్క కట్టుకుని చూశాను. కొంచెం సాగింది, ఇంకో ముడి వేశాను. మళ్ళీ రైడ్ పెట్టినప్పుడు చర్చి వేళకు అడ్డం రాకుండా చూసుకుని ముందుగా చెప్పు. వస్తాను. చీరతోనే వస్తాను. బాలప్పకు చెప్పు, నేను కూర్చుని, కాలు విప్పుకుని, ఊపిరి తీసుకున్నాక పొయ్యమని. చల్లారిన టీ నాకు పనికిరాదు.

పక్కింటి ముత్తమ్మ గల్లీలో పద్నాలుగు సైకిళ్ళు చూసి, దవాఖాన సార్లు తనిఖీకి వచ్చారనుకుందట. నేను బట్టీల నుంచి వచ్చి సైకిల్ దిగుతుంటే ఎదురొచ్చి ఒక్కటే అడగడం. ఒక పిల్లగాడు మాత్రం గడప మీద కూర్చుని తాళం వైపే చూస్తూ ఏడ్చాడట. ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నాను, ఇంతకుముందు నువ్వు ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. ఆమెకు నిన్ను ఎట్లా గుర్తుపట్టాలో తెలుస్తుందా? "ఎవరే ఆ పిల్లగాడు? మీ ఊరోడా?" అని అడిగింది.

నేను వంగి కాలి ట్యూబు విప్పుకుంటున్నాను. ఆమె మళ్ళీ అడిగింది.

"మా తమ్ముడు" అన్నాను. అంత చిన్న మాటే. నా నోటి నుంచి రావడానికి కూడా ఇన్ని నెలలు పట్టింది.

అక్క,
ఎస్తేర్